సాగర్ గట్టు మీద అనురాధపురం అతిథులు

నాగార్జునసాగర్ ఆనకట్ట పక్కనున్న నందికొండ పట్టణానికీ శ్రీలంకలోని అనురాధపురానికీ సోదర నగర బంధం కుదిరితే బాగుంటుందని మా నల్లగొండ మిత్రులం చాలాకాలంగా అనుకుంటున్నాం. ఈ చలికాలంలో అనురాధపురం నుంచి ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, ఆయన భార్య హైదరాబాద్ వస్తున్నారని తెలిసి, సాగర్ చూడకుండా పోవద్దని పట్టుబట్టి పిలిచాం. సారు బడిలో పాఠాలు చెబుతారు. మేడం పుట్టిల్లు కళావేవ అనే పెద్ద చెరువు కింది ఊరు. ఇప్పటికీ ఆమె అన్నదమ్ములు ఆ చెరువు నీళ్లతోనే వరి వేస్తారు.

నల్లగొండ నుంచి పొద్దున్నే కారులో బయల్దేరాం. మాతోపాటు ప్రాజెక్టులో పనిచేసి రిటైరైన ఇంజనీరు సారు కూడా వచ్చారు. హాలియా దగ్గర ఎడమ కాలువ కనిపించగానే మేడం బండి ఆపమన్నారు. యాసంగి నాట్ల రోజులు, కాలువ నిండుగా పారుతోంది. ఈ నీళ్లు ఎందాకా పోతాయని అడిగారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా ఖమ్మం జిల్లా దాటి ఆంధ్రప్రదేశ్ దాకా అని చెప్పాను. "చివరి పొలానికి అందుతాయా?" అన్నారు వెంటనే. ఇంజనీరు సారు నా వైపు చూశారు. "చివరికి పోయి చూద్దాం" అన్నాను. అట్లా మర్నాటి ప్రయాణం అక్కడికక్కడే ఖాయమైంది.

ముందు బుద్ధవనం చూశాం. 274 ఎకరాల్లో కట్టి, 2022 మేలో ప్రారంభించిన చోటు. అమరావతి స్తూపం నమూనాలో కట్టిన మహాస్తూపం దగ్గర కంటే, శ్రీలంక ప్రభుత్వం ఇచ్చిన అవుకన బుద్ధుడి ప్రతిరూపం దగ్గర మా అతిథులు ఎక్కువసేపు నిలబడ్డారు. ఇది 27 అడుగులు. అసలు విగ్రహం 40 అడుగుల పైనే ఉంటుందట, కళావేవకు దగ్గరలోనే, ఒకే రాతిలో చెక్కింది. 5వ శతాబ్దంలో ఆ చెరువు కట్టించిన ధాతుసేన రాజే దాన్నీ చెక్కించాడని చెబుతారు. మేడం చెప్పులు విడిచి, చేతులు జోడించి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్‌లో వీడియో కాల్ చేసి వాళ్ల అమ్మకు చూపించారు. తమ ఊరి దేవుడు ఇంత దూరంలో కనిపిస్తే ఎవరికైనా అంతే కదా.

ఆనకట్ట దాటి లాంచీలో నాగార్జునకొండకు వెళ్లాం. కొండ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, ఇవతలి గట్టు నల్లగొండ జిల్లా. ఇక్ష్వాకుల కాలంలో అదంతా విజయపురి అనే ఒకే లోయ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికే లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా గబగబా తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి తెచ్చి కొండ మీద మళ్లీ నిలబెట్టారు. మిగిలిన లోయంతా మన లాంచీ కిందే ఉంది.

నేను వీళ్లను ఇంత దూరం రమ్మన్నది ఒక ఆడమనిషి పేరు చెప్పడానికి. ఆమె బోధిసిరి, 3వ శతాబ్దపు ఉపాసిక, అంటే సంసారంలో ఉంటూనే బౌద్ధాన్ని పాటించిన భక్తురాలు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో చైత్యగృహం, అంటే స్తూపమున్న పూజామందిరం, కట్టించి తామ్రపర్ణి నుంచి, అంటే సింహళం నుంచి వచ్చిన ఆచార్యులకు అంకితమిచ్చింది. ఆ ప్రాకృత శాసనంలో ఆమె చేసిన పనులన్నీ వరసగా ఉన్నాయి. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, ఒకచోట భిక్షువులు ఉండటానికి గది, ఇంకోచోట మూడు గదులు, పూర్వశైల విహారంలో చెరువూ మండపమూ, కంటకసెలలో, అంటే నేటి ఘంటసాలలో, రాతి మండపం. ఆమె రాణి కాదు. ఇక్కడ రాచ ఇంటి ఆడవాళ్ల దానాలు చాలానే ఉన్నాయి గానీ, పరదేశం నుంచి వచ్చినవాళ్లకు చైత్యగృహం కట్టించి ఇచ్చిన ఈ గృహిణే నాకు గొప్పగా అనిపిస్తుంది.

సారుకు శాసనం సంగతి పుస్తకాల్లో తెలుసు. ఆయన ఇంకోటి గుర్తుచేశారు. ఇక్కడ దొరికిన బుద్ధపాదాల పలక మీద మహావిహారవాసులైన ఆచార్యుల ప్రస్తావన ఉంది. "మహావిహారం మా ఊళ్లోదే. మా ఇంటి నుంచి సైకిల్ మీద పోతాను" అన్నారు, గొంతు కాస్త వణికింది. సింహళం నుంచి వచ్చిన ఆర్యదేవుడు బౌద్ధాచార్యుడు నాగార్జునుడికి శిష్యుడయ్యాడన్న సంప్రదాయం గురించి తిరుగు లాంచీలో మాట్లాడుకున్నాం.

రాత్రి సాగర్‌లోని హిల్ కాలనీలో చేపల వేపుడు, అన్నం తింటూ అసలు విషయానికి వచ్చాం. ఇట్లాంటి సోదర నగర బంధాలు కొత్తవి కావు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులతో నేలమట్టమైన ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ, రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్ 1944లో చేతులు కలిపాయి. కోవెంట్రీ ఆడవాళ్లు వందల మంది తమ పేర్లు ఒక బల్లగుడ్డ మీద కుట్టి పంపారు. మన దేశంలో వారణాసికి క్యోటోతో 2014లో ఒప్పందమైంది. అయోధ్యకు కొరియాలోని గిమ్హేతో బంధం ఉంది, దాని వెనక ఉన్నది ఒక రాకుమారి కథ. మనకైతే రాతి మీద రాసిన సాక్ష్యమే ఉంది. మున్సిపాలిటీ తీర్మానం, రాష్ట్ర ప్రభుత్వం అనుమతి, ఢిల్లీలో విదేశాంగ శాఖ సమ్మతి కావాలి. కాగితాలకు టైం పడుతుంది, పట్టనీ. పెద్ద ఊళ్ల ఒప్పందాలు చాలావరకు సంతకాల ఫొటో దగ్గరే ఆగిపోతాయన్నది మా అందరి టెన్షన్.

మర్నాడు హుజూర్‌నగర్ వైపు ఒక మేజర్ కాలువ చివరికి పోయాం. అక్కడ కాలువలో పిక్క తడిసేంత నీళ్లే ఉన్నాయి. కొన్నాళ్లు వదిలి కొన్నాళ్లు ఆపే ఆన్ ఆఫ్ పద్ధతిలో నీళ్లు ఇక్కడికి వచ్చేసరికి బంద్ పెట్టే రోజు వస్తుందని రైతులు చెప్పారు. ఒక పెద్దాయన గట్టు మీద కండువా పరిచి మేడంను కూర్చోబెట్టి, "మీ దేశంల నీళ్లు తక్కువైతే ఏం జేస్తరమ్మా?" అని అడిగాడు.

మేడం చెప్పింది నేను తెలుగులో చెబుతూ పోయాను. చెరువు నిండని ఏడాది వాళ్లు బెత్మ అనే పాత కట్టుబాటు పాటిస్తారు. ఆయకట్టు మొత్తానికి నీళ్లు చాలవు కాబట్టి తూముకు దగ్గరున్న భూమినే సాగుచేస్తారు. ఆ భూమి ఎవరిదైనా సరే, ఆ ఒక్క పంటకూ అందరికీ తలా ఒక ముక్క పంచుతారు. చివరి పొలం రైతుకు కూడా పైన ఒక మడి దొరుకుతుంది. పంట కోశాక ఎవరి భూమి వాళ్లదే.

గట్టు మీద గలగల మొదలైంది. "పైనోళ్లు ఇస్తరా?" అని ఒకరు, "చెరువైతే అయితది, గింత పెద్ద కాలువకు ఎట్లయితది?" అని ఇంకొకరు. ఇంజనీరు సారు కూడా ఇంత పెద్ద ఆయకట్టులో అది కష్టమే అన్నారు, కానీ ఒక మైనరు కాలువ, అంటే చిన్న పిల్లకాలువ, కింద ప్రయత్నించవచ్చని ఆయనే లెక్కలు మొదలుపెట్టారు. కళావేవ నుంచి అనురాధపురంలోని తిస్సవేవ చెరువుకు నీళ్లు తెచ్చే జయగంగ కాలువ సుమారు 87 కిలోమీటర్లని, మొదటి భాగంలో దాని వాలు మైలుకు ఆరంగుళాలేనని విన్నప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. పదిహేను వందల ఏళ్ల కిందటి ఇంజనీరుకు అక్కడే నిలబడి దండం పెట్టారు.

పెద్దాయన మాత్రం పట్టువదల్లేదు. "ఆఫీసర్లు పోయి చూసొచ్చి మాకు చెప్పుడు కాదు. మమ్ముల తీస్కపోండ్రి, మేమే అడుగుతం" అన్నాడు. మేడం ఆ మాట విని, వాళ్లు తన అన్నల ఇంట్లోనే ఉండొచ్చని, హోటల్ అక్కర్లేదని అన్నారు.

తిరుగు దారిలో, మిర్యాలగూడలో టీ తాగుతూ, మున్సిపాలిటీకి ఇవ్వాల్సిన ముసాయిదా మార్చాం. పాత కాగితంలో మొదటి అంశం ప్రజాప్రతినిధుల పర్యటన. దాన్ని కిందికి దించి, కాలువ చివరి రైతులు, కళావేవ రైతులు ఒక పంటకాలం ఒకరి ఊరికి ఒకరు వెళ్లి, ఒకరి ఇంట్లో ఒకరు ఉండాలన్నది పైన పెట్టాం. రెండోది, హిల్ కాలనీ బడి పిల్లలకూ సారు బడి పిల్లలకూ ఉత్తరాలు. ఖర్చుకు చందాలు మేమే పోగుచేస్తాం. ఎకరం లోపు ఉన్న ఆయకట్టు రైతుకు మొదటి అవకాశం ఇవ్వాలని ఇంజనీరు సారు చేత్తో చివర్లో చేర్చారు, అందరం కింద సంతకాలు పెట్టాం.