నాయన కంటి చెకప్
నిన్న నాయన్ని చిత్తూరు నుంచి తిరుపతికి పిల్చుకోనొచ్చి కళ్లు చూపిచ్చినా. షుగరొచ్చి 12 ఏళ్లు, చూపు బాగానే ఉంది కదరా అని దాటేస్తా వచ్చినాడు, నేనూ గట్టిగా అడగలా, అదే బాధ. చుక్కలేసి చూస్తే రెటీనాలో, అంటే కంటి లోపల వెనకుండే పొరలో, సన్న రక్తనాళాలు లీకవతా ఉండాయంట, నొప్పి గిప్పి ఏం లేకనే! డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, రెటీనా ఆక్సిజన్ చానా వాడుకుంటాది, అందుకే సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, క్యాటలేజ్ లాంటి ప్రొటీన్లు అక్కడ పుట్టే, కణాల్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ని అణిచేస్తా ఉంటాయి, షుగర్ ఏళ్లతరబడి ఎక్కువుంటే ఆ కాపలా చాలక నాళాలు దెబ్బతింటాయంట. వాటిని అణిచే యాంటీఆక్సిడెంట్ మాత్రలేసుకుంటే సరిపోదా అనడిగితే, షుగర్, బీపీ కంట్రోల్‌కి అవి బదులు కావు అనింది. మీ ఇంట్లో షుగరున్నోళ్లకి ఏడాదికోసారి చుక్కలేయించి రెటీనా చూపించండి, ప్లీజ్. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయన నల్లద్దాలు పెట్టుకోని, నా చెయ్యి వదల్లేదు.