శుక్రవారం సెలవని బయట ఎక్కడా రాయలేదు

పోయినేడాది అక్టోబర్ చివర్లో మా ఊరి శాఖా గ్రంథాలయం మేడం ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు కంప్యూటర్లో బొమ్మలవీ వేస్తావంట కదా, వారోత్సవాలకి ఒక ఫ్లెక్సీ చేసిపెట్టవా" అన్నారు. నేను చేసేది యాప్‌లకి స్క్రీన్ డిజైన్లు. ఆ సంగతి మా అమ్మకే ఇంతవరకు అర్థం కాలేదు, ఇక మేడంకేం చెప్తాను, సరేనన్నాను. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు కదా, మొదలయ్యేది బాలల దినోత్సవం రోజే కాబట్టి పిల్లలకి వ్యాసరచన, చిత్రలేఖనం, చివరి రోజు బహుమతులు, ఒక పెద్దాయన ప్రసంగం. నాలుగో తరగతిలో నాకు అక్కడే ఒక స్టీలు గ్లాసు వచ్చింది. ఇప్పటికీ ఇంట్లో ఉంది, పప్పు కొలవడానికి వాడతారు.

ఆ గ్లాసు రుణం తీర్చుకుందామని పోస్టర్లు చేసే కాన్వా సైటు తెరిచి రెండు రాత్రులు కూర్చున్నాను. తెరిచిన పుస్తకంలోంచి ఒక చెట్టు మొలుస్తుంది, కొమ్మలకి తెలుగు అక్షరాలు కాస్తాయి, అవి పిట్టలై ఎగిరిపోతాయి, వెనకాల సాయంత్రం ఆకాశం. లాప్‌టాప్‌లో అద్భుతంగా ఉంది, ఒప్పుకుంటున్నాను.

అక్షరాల దగ్గరే అసలు కథ. తెలుగు ఫాంట్లు లేవని ఇంకా చాలామంది అంటుంటారు గానీ గూగుల్ ఫాంట్స్‌లోకి వెళ్తే ధూర్జటి, తిమ్మన, పెద్దన, గురజాడ, మల్లన్న అందరూ అక్కడే ఉన్నారు, అన్నీ ఉచితం, ప్రింటుకి వాడుకున్నా ఎవరూ ఏమీ అనరు. నేను హెడ్డింగుకి రామభద్ర పెట్టాను, కింద చిన్న అక్షరాలకి మండలి. ఫైలు పట్టుకుని ఫ్లెక్సీ షాపుకెళ్తే అక్కడి అబ్బాయి, "అక్కా, మా సైజుకి మళ్ళీ సెట్ చేయాలి, మ్యాటర్ విడిగా వాట్సాప్ చెయ్" అన్నాడు. చేశాను. తన పాత ఫోటోషాప్‌లో పేస్ట్ చేయగానే నా కళ్ళ ముందే 'గ్రంథాలయ వారోత్సవాలు' కాస్తా 'గ్‌రంథాలయ వారోత్‌సవాలు' అయిపోయింది. ఒత్తులన్నీ కిందనుంచి ఊడొచ్చి పక్కన నిలబడ్డాయి. కొత్త వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో సౌత్ ఏషియన్ భాషలకి ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే సరిపోతుంది. ఇతని దాంట్లో అసలా ఆప్షనే లేదు. "యూనికోడ్ ఇంతే అక్కా, అనులో కొట్టేస్తా" అని డీటీపీ వాళ్ళు వాడే పాతరకం అను ఫాంట్‌లో చకచకా కొట్టాడు, చూస్తే 'వారోస్తవాలు'. దిద్దించాను. దిద్దేటప్పుడు పక్కనున్న సున్నా ఎగిరిపోయి 'గ్రథాలయ' అయింది, అదీ దిద్దించాను. ఎవరైనా ఈ పని చేయబోతుంటే ఒకటే మాట: షాపుకి మ్యాటర్ ఇవ్వకండి, అక్షరాలతో సహా మొత్తం ఒకే బొమ్మగా పెద్ద సైజు పీఎన్‌జీ చేసి, వాట్సాప్‌లో పంపితే ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే నొక్కి నొక్కి సగం చేసేస్తుంది.

ఫ్లెక్సీ కట్టారు, వారోత్సవాలు జరిగాయి, పెద్దాయన మైకు వదల్లేదు. ఆ వారంలో కొత్తగా సభ్యత్వం తీసుకున్నది ఇద్దరు. ఒకరు మేడం వాళ్ళ మరదలు, రెండోది నేను. డిసెంబర్‌కల్లా నా చెట్టూ పిట్టలూ ఎదురుగా ఉన్న టీ కొట్టు మీద కప్పుగా మారాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వానకి బాగా ఆగుతోందట.

ఆ టీ కొట్టు దగ్గరే ఒక కుర్రాడు దొరికాడు, గ్రూప్స్‌కి చదువుతున్నాడు, రూములో ఫ్యాన్ కూడా సరిగా తిరగదు. ఎదురుగా లైబ్రరీ ఉంది కదా, వెళ్ళొచ్చు కదా అంటే, "అది ఎప్పుడూ మూసే ఉంటుందండీ" అన్నాడు. మధ్యాహ్నం పన్నెండుకి రెండుసార్లు, ఒకసారి శుక్రవారం వచ్చాడట. మా దగ్గర పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు. అందరూ ఆదివారం సెలవనుకుంటారు, ఆదివారం నిజానికి తెరిచే ఉంటుంది. ఈ సంగతి లోపల గోడ మీద రాసుంది. బయట తాళం చూసి వెళ్ళిపోయేవాడికి లోపలి గోడ ఎలా కనిపిస్తుంది?

నాకు చాలా సిగ్గేసింది. ఆఫీసులో అయితే 'యూజర్‌కి ఏం కావాలి' అని వంద మీటింగులు పెడతాం, సొంత ఊళ్ళో మాత్రం పిట్టలు ఎగరేశాను.

గూగుల్ మ్యాప్స్ చూస్తే ఇంకా ఘోరం. లైబ్రరీ పేరు ఎవరో స్పెల్లింగ్ తప్పుతో పెట్టారు, 24 గంటలూ తెరిచి ఉంటుందని రాశారు, ఫోటో పక్కనున్న వాటర్ ట్యాంకుది. మార్పులు సూచించే బటన్ ఎవరైనా నొక్కొచ్చు. టైమింగ్స్ దిద్దాను, గుమ్మం ఫోటో, చదువుకునే గది ఫోటో పెట్టాను, పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వచ్చేలా చేశాను, ఎందుకంటే శాఖా గ్రంథాలయం అని టైపు చేసి వెతికేవాళ్ళు లేరు, లైబ్రరీ అనే వెతుకుతారు. నాలుగైదు రోజులకి అప్రూవ్ అయింది. ఖర్చు సున్నా. నేను చేసిన అన్నింటిలోకీ ఎక్కువ పనికొచ్చింది ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను, ఇందులో డిజైన్ ఏమీ లేకపోయినా.

రెండో పోస్టర్ ఏ4 కాగితం. పసుపు మీద నలుపు, బొమ్మ లేదు. 'పొద్దున 8–11. సాయంత్రం 4–7. ఆదివారం ఉంటుంది, శుక్రవారం ఉండదు. మధ్యాహ్నం వస్తే తాళమే.' ఆఖరి లైను చూసి మేడం నవ్వారు గానీ ఒప్పుకున్నారు. తెలుగుకి లైన్ల మధ్య జాగా ఇంగ్లీషు కంటే బాగా ఎక్కువ ఇవ్వాలి, పైన గుడులు, కింద ఒత్తులు కొట్టుకుంటాయి. టెంప్లేట్‌లో వచ్చిన జాగా అలాగే ఉంచితే 'శుక్రవారం'లో క్రావడి కింది లైను నెత్తిన కూర్చుంటుంది. ఈ కాగితాల్ని జిరాక్స్ షాపు, మీసేవ, బస్టాండ్, కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర అంటించాం. జిరాక్స్ షాపు బాగా పనిచేసింది, కాపీలు వచ్చేదాకా జనం అక్కడ నిలబడాలి, చదవడానికి ఇంకేమీ ఉండదు.

ఇంకో పోస్టర్ కూడా రాశాను, అది అంటించలేదు. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 'మీ డబ్బులు ఇక్కడున్నాయి, వచ్చి చదువుకోండి' అని దాని హెడ్డింగ్. మేడం చదివి, "బాగుందమ్మా, కానీ పైనుంచి ఫోనొస్తుంది" అని సొరుగులో పెట్టేశారు. నాకైతే అదే అన్నిటికంటే ఇష్టం.

క్యూఆర్ కోడ్ విషయంలో బాగా దెబ్బతిన్నాను. కొత్తగా వచ్చిన పోటీ పరీక్షల పుస్తకాల జాబితా గూగుల్ షీట్‌లో పెట్టి, ఏదో ఒక సైట్‌లో అందంగా గుండ్రటి మూలలతో కోడ్ చేయించి పోస్టర్ మీద వేశాను. రెండు వారాలకి ట్రయల్ అయిపోయిందట, స్కాన్ చేసినవాళ్ళకి డబ్బు కట్టమని పేజీ వస్తోంది. ఆ కుర్రాడే ఫోన్ చేసి చెప్పాడు. స్టాటిక్ కోడ్ అయితే లింకు నేరుగా ఆ చుక్కల్లోనే ఉంటుంది, మధ్యలో ఏ కంపెనీ ఉండదు, కాలపరిమితీ ఉండదు. చుట్టూ తెల్ల అంచు వదలండి, మూడు సెంటీమీటర్ల కంటే చిన్నది చేయకండి, అంతే. అంటించిన ముప్పై కాగితాల మీదా కొత్త కోడ్ ముక్కలు నేనే తిరిగి అతికించాను, ఎండలో.

లైబ్రరీ పేరుతో పెట్టిన వాట్సాప్ గ్రూపు మూడు రోజుల్లో గుడ్ మార్నింగ్ పువ్వులతో నిండిపోయింది, మూసేసి చానల్ పెట్టాం. అందులో ఏం పెట్టాలో మొదట తోచలేదు. ఒకరోజు మేడం ఒక పాత నవల తీసి చివరి పేజీలో అతికించిన తేదీల చీటీ చూపించారు. ఊదా రంగు ముద్రలు, ఒకదాని కింద ఒకటి, కొన్ని వంకరగా. 1980ల్లో నెలకి రెండు ముద్రలు కూడా ఉన్నాయి, తర్వాత ఏడాదికి ఒకటి, ఆఖరిది 1998 మార్చి. దాని కింద గళ్ళన్నీ ఖాళీ. ఆ చీటీనే ఫోన్‌తో ఫోటో తీసి, కింద 'ఇరవయ్యేళ్ళు దాటింది, దీన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదు. మూడో బీరువా, రెండో అర' అని పెట్టాను. పుస్తకం పేరు కావాలనే రాయలేదు. మర్నాడు సాయంత్రం ముగ్గురు వచ్చి మూడో బీరువా ముందు నిలబడ్డారట, ఏదో చూద్దామని. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఒక చీటీ. ఇంతమంది ఫార్వర్డ్ చేసిన నా డిజైన్ ఇంకోటి లేదు, దాన్ని డిజైన్ చేసింది ఆ రబ్బరు ముద్ర అయినా సరే.

మన వాళ్ళు ఈ విషయంలో ఎప్పుడో ఆరితేరారు. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువలో తిరిగే పడవలో పుస్తకాలు పెట్టించారు. ప్రయాణం నెమ్మది, చేయడానికి పనేం లేదు, చేతికందేంత దూరంలో పుస్తకం. మా జిరాక్స్ షాపు కూడా అదే లెక్క, పడవ లేదంతే.

ఇప్పుడు సాయంత్రాలు కుర్చీలు చాలట్లేదని మేడం కొత్త టెన్షన్ పెట్టుకున్నారు. కుర్చీలకి కాన్వాలో టెంప్లేట్ లేదు, అర్జీ రాసిపెట్టాను, నడుస్తోంది. మొన్న మళ్ళీ ఫోన్ చేశారు. నవంబర్ వస్తోంది, ఫ్లెక్సీ కావాలి. "పోయిన్సారి లాంటిదే చెయ్యమ్మా, ఆ చెట్టూ పిట్టలూ భలే ఉన్నాయి" అన్నారు. సరే మేడం, చెట్టు మొదట్లో టైమింగ్స్ పెద్దక్షరాలతో రాస్తాను అన్నాను. "రాయి, కానీ పిట్టలకి అడ్డం రాకుండా రాయి" అన్నారు.