లిబియా దగ్గర ఆగిపోయిన నా మొదటి ఇంటర్వ్యూ

సివిల్స్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. ఫోన్లు తగ్గాక రాస్తున్నా. బుక్‌లిస్ట్ అడక్కండి, మీ దగ్గరున్నవే నా దగ్గరా ఉన్నాయి. నాకో ఏడాది ఖర్చు చేయించిన ఒక్క ప్రశ్న గురించే చెబుతా.

కిందటిసారి ఇంటర్వ్యూలో ఒక మేడమ్ అడిగారు, 1971లో తూర్పు పాకిస్తాన్‌లోకి మన సైన్యం వెళ్ళడం సబబేనా అని. కోటిమంది శరణార్థులు, డిసెంబర్ 3న పాక్ వైమానిక దాడులు, ఆత్మరక్షణ హక్కునిచ్చే ఐరాస ఛార్టర్ 51వ అధికరణం... గడగడా అప్పజెప్పాను.

"మరి 2011లో లిబియాలో సైనిక చర్యకి అనుమతిచ్చిన భద్రతామండలి తీర్మానం మీద ఓటు వేయకుండా ఎందుకు ఊరుకున్నాం? అదీ జనాన్ని కాపాడటానికేగా?"

"సార్వభౌమత్వాన్ని గౌరవించాలి మేడమ్."

"పాకిస్తాన్‌కి అది లేదా?"

గొంతు ఎండిపోయింది. ఎదురుగా ఉన్న మంచినీళ్ళు తాగొచ్చో లేదో కూడా తోచలేదు. 275కి 138. లిస్టులో పేరు లేదు. బోర్డు కఠినమని అశోక్‌నగర్ అంతా చెప్పుకు తిరిగాను. కఠినమేమీ కాదు, మనం చేస్తే ధర్మం, ఎదుటివాడు చేస్తే దురాక్రమణ అన్నాను, దొరికిపోయాను.

ఆ ఎండాకాలం శ్రీకాకుళం దగ్గర మా ఊరెళ్ళాను. పెదనాన్న 1987లో శాంతిసేనతో శ్రీలంక వెళ్ళొచ్చిన మనిషి. అరుగు మీద చుట్ట ఆర్పుతూ అన్నారు: "జాఫ్నాలో ముందు దండలేశార్రా. అక్టోబర్‌కి అవే వీధుల్లో మా మీద తుపాకులు పేలాయి. ఎందుకెళ్ళాలో చెప్పారు గానీ, పనైపోయిందని ఎప్పుడనుకోవాలో ఎవడూ చెప్పలేదు."

యుద్ధం ఎప్పుడు న్యాయమో చెప్పే జస్ట్ వార్ థియరీ పాయింట్లు మనందరికీ కంఠతా వచ్చు. వాటిని పక్కనపెట్టి ఈ మాటతో కేసులన్నీ మళ్ళీ చూశాను. 1971లో ఐరాస సర్వప్రతినిధి సభలో 104 దేశాలు కాల్పులు ఆపమన్నాయి, మనవైపు 11. కానీ 1972 మార్చికల్లా మన సైన్యం వెనక్కి వచ్చేసింది. శ్రీలంకకి ఒప్పందం రాసుకుని, ఆ ప్రభుత్వం ఒప్పుకుంటేనే వెళ్ళాం. 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మంది జవాన్లు లేరు. కాగితం చూస్తే రెండోదే శుభ్రం. లిబియాకి భద్రతామండలి అనుమతీ ఉంది, అయినా అక్కడి పాలకుడు గడాఫీ పోయాక దేశం ముక్కలైంది. అలాగని వెళ్ళకపోవడం పుణ్యమూ కాదు, 1994లో ప్రపంచం చూస్తుండగానే ఊచకోత జరిగిన రువాండా ఉంది.

ఈసారి 1988లో మన సైన్యం మాల్దీవులకి వెళ్ళడం గురించి అడిగారు. పిలిచింది గయూమ్ ప్రభుత్వం, ఒక్క అభ్యర్థే నిలబడే ఎన్నికల్లో గెలిచిన ప్రభుత్వం, జనం పిలిచారని చెప్పలేం అన్నాను. అయినా కిరాయి సాయుధుల చేతికి రాజధాని పోకుండా వెళ్ళడం సరైందే అన్నాను. 187 వచ్చాయి. లక్ అంటున్నారు కొందరు. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నే సీటు కోసం క్యూ కట్టింది లక్కేం కాదు. ఫోన్ ఇంట్లో పెట్టి రండి, మీకే తెలుస్తుంది.

పెదనాన్నకి ఫోన్ చేశాను. "శ్రీలంక అడిగారా?" అన్నారు.

"లేదు, మాల్దీవులు."

కాసేపు మాట్లాడలేదు. "అక్కడ తొందరగా అయిపోయిందిలే" అన్నారు.