కట్టుడు పళ్లు తీసి అంగిలి చూడండి

శ్రీకాకుళంలో కట్టుడు పళ్లు తయారు చేయడం నా వృత్తి. పళ్ల డాక్టర్లు తీసిన అచ్చులు మా దగ్గరికి వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో రూపు కట్టి, గులాబీ రంగు అక్రిలిక్‌తో సెట్టు చేసి పంపిస్తాం. మరమ్మతుకు వచ్చే పాత సెట్లలో కొన్నింటిని చూడగానే వాటి మనిషికి ఏ అలవాటు ఉందో తెలిసిపోతుంది. నాలుక తగిలే వైపు, సరిగ్గా నడుమ, మెరుపు పోయి గరుకుగా నల్లబడి ఉంటుంది. అవి అడ్డపొగ తాగే ఆడవాళ్లవి.

చుట్ట నిప్పు కొసను నోటి లోపలికి పెట్టుకుని, పెదవులు మూసి పీల్చడమే అడ్డపొగ. మన తీరపు ఊళ్లలో చేపల గంప ఎత్తే అమ్మలు, పొలం పనుల అవ్వలు తరాలుగా తాగుతున్నారు. గాలికి ఆరదు, చుట్ట చాలాసేపు వస్తుంది, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. 1971లో వెలువడిన ఒక అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షిస్తే, నూటికి 43 మందికి పైగా ఇలా తాగేవాళ్లే. ఇతర ప్రాంతాల్లో అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడి వైద్యులకు కొత్త కాదు.

కిందటేడాది ఒక పెద్దామె కోడలిని వెంటబెట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది. “సెట్టు బిగుతైంది బాబూ, కాస్త అరగదీసి ఇవ్వు” అంది. ప్లాస్టిక్ బిగుసుకోదు. ఉన్నట్టుండి పట్టకపోతే లోపలేదో పెరిగినట్టే. సెట్టు తీయించి ఫోను లైటు వేసి చూశాను. అంగిలి మీద తెల్లటి మందపు పొర, దానిలో సన్నని ఎర్ర చుక్కలున్న బుడిపెలు, ఒక పక్కన పచ్చి పుండు. నొప్పి ఉందా అమ్మా అంటే లేదంది. ఆ లేదన్న మాటకే నాకు భయం వేసింది. రోజూ నిప్పు వేడి తగిలి తగిలి అంగిలి పొర మందమెక్కిపోతుంది. పుండు పడ్డా చాలాకాలం నొప్పి తెలియకపోవచ్చు. సెట్టు ఉంటే కంటికీ కనబడదు.

అరగదీయనని చెప్పి డాక్టరు దగ్గరికి పంపాను. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి అంగిలిలో కొంత భాగం తీసేశారు. ఆమె కొత్త అచ్చు మళ్లీ నా బల్ల మీదికే వచ్చింది. మామూలు అచ్చులో అంగిలి నునుపుగా, గుమ్మటంలా ఉంటుంది. ఈ అచ్చులో ఆ చోట రంధ్రంలోకి చొచ్చుకుపోయి పైకి లేచిన గడ్డ ఉంది. ఆ రంధ్రానికి మూతగా పనిచేసేలా పళ్ల సెట్టు కట్టాలి. అది లేకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కులోంచి వచ్చి కలగాపులగమవుతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా అది మనిషి అంగిలికి సాటి రాదు, నేను చేసినదాని గురించే ఈ మాట అంటున్నాను.

“పొగ మింగం కదా, మాకేమవుతుంది?” అని చాలామంది అడుగుతారు. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. అందుకే మింగకపోయినా నికోటిన్ నోటి పొరల గుండా రక్తంలో కలుస్తుంది, గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది, చిగుళ్లలోని సన్నని రక్తనాళాలను బిగిస్తుంది. చిగుళ్లు కుళ్లుతున్నా రక్తం అంతగా కారదు కాబట్టి జబ్బు త్వరగా బయటపడదు. పన్ను పీకించుకున్నాక గాయం మానడమూ ఆలస్యమే.

సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉంటుంది. మా అవ్వలకు ఆ పెట్టెతో పనేముంది? ఆకు తెచ్చి ఇంట్లోనే చుట్ట చుట్టుకుంటారు, లేదా సంతలో విడిగా కొంటారు. బొమ్మ వాళ్ల చేతికి రాదు, పొగ మానడానికి సాయపడే, పెట్టె మీది ఫోను నంబరూ రాదు. కాబట్టి ఇంట్లో చదువుకున్న పిల్లలే ఈ పని చేయాలి. అవ్వను వెలుతురులో కూర్చోబెట్టి, సెట్టు తీయించి, తల వెనక్కి వాల్చి అంగిలి అంతా చూడండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఏది కనిపించినా ఆ వారంలోనే పళ్ల డాక్టరుకు చూపించండి. పొగ తాగడం మానాలనుకుంటే సాయం చేసే జాతీయ ఫోను నంబరు 1800-11-2356, డబ్బు పడదు. అవ్వ తరఫున మీరే ఫోను కలిపి ఆమె చేతికివ్వండి.