పోపుల పెట్టెలాంటి ఇల్లు

మా ఇల్లు 480 చదరపు అడుగులు. బెంగళూరులో మారతహళ్ళి పక్కన, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఒక హాలు, ఒక బెడ్‌రూం, మూడో మనిషి వస్తే ఒకరు బయటికి రావాల్సిన వంటిల్లు, దాని వెనక వాషింగ్ మెషీన్‌కి సరిపోయే యుటిలిటీ. నాలుగేళ్ళ కిందట అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "ఏంటే ఇది, అగ్గిపెట్టెలా ఉంది" అంది.

ఇప్పుడు అదే ఇంటికి వచ్చినవాళ్ళు ఇంటీరియర్‌కి ఎంతయిందని అడుగుతున్నారు. నిజానికి ఇంటికి పెట్టినదానికంటే తెలియక తగలేసిందే ఎక్కువ.

సోఫా సంగతి చెప్తాను. మూడు సీట్లది, ఏడడుగుల పొడవు. హాలు కొలిచాను, గోడ కొలిచాను, ఫోన్లో రంగులు మార్చి మార్చి వారం రోజులు చూసుకున్నాను, మెట్లు మాత్రం కొలవలేదు. రెండో అంతస్తు మలుపులో ఇరుక్కుపోయింది, పైకీ రాదు, కిందికీ పోదు. పక్క పోర్షన్ అంకుల్ పాల ప్యాకెట్లు పట్టుకుని దానికి అవతల అరగంట నిలబడ్డారు పాపం. చివరికి వెనక్కి పంపించాం, రానూపోనూ బండి ఖర్చు మా నెత్తినే పడింది. అందుకే ఎవరు సలహా అడిగినా ముందు మెట్ల మలుపు కొలవమంటాను, తర్వాత తలుపులు. మా బెడ్‌రూం తలుపు రెండున్నర అడుగులే, ఆ సోఫా పైకి వచ్చినా దాన్ని తర్వాత ఎటూ జరపలేకపోయేవాళ్ళం.

దాని బదులు దివాన్ కొన్నాం, కింద లాగే సొరుగులున్నది. లాగేది అని నొక్కి చెప్తున్నా, ఎందుకంటే బెడ్‌రూంలో మాకున్నది పైకెత్తే మంచం. పరుపుతో సహా ఎత్తితే లోపల సగం ఊరు పడుతుంది. చిక్కంతా అక్కడే, ఎత్తడానికి బద్ధకమేసి ఏం పెట్టామో మర్చిపోతాం. ఒక వానాకాలమంతా తెరవకుండా వదిలేశాం. బెంగళూరు వాన సంగతి తెలిసిందేగా, జూన్‌లో మొదలైతే నవంబరు దాకా ఏదో ఒక వంకన పడుతూనే ఉంటుంది, మంచం ఆనుకున్నదేమో బయటి గోడ. తీసి చూస్తే మా ఆయన బెల్టుకి తెల్లగా బూజు, నా పట్టుచీరకి ముక్కిన వాసన. చీర నీడలో ఆరేసి, పాత కాటన్ పంచెలో చుట్టి బీరువాలో పెట్టుకున్నా. ఇప్పుడా మంచంలో ఖాళీ సూట్‌కేసులు తప్ప ఇంకేమీ లేవు.

ఇల్లు సర్దుకోవడం మీద నేను చూసిన వీడియోలకి లెక్కలేదు. అవేవీ నేర్పనిది ఒకరోజు పోపు వేస్తుంటే తట్టింది. పోపుల పెట్టెలో ఏడు గిన్నెలే ఉంటాయి. ఆవాలకొకటి, జీలకర్రకొకటి. రోజూ చెయ్యి పడేవే అందులో ఉంటాయి, మిగతా సరుకు పెద్ద డబ్బాలో. గిన్నె నిండిందంటే ఇంక పోయం, పోస్తే మూత పడదు. ఇల్లంతా అలాగే నడుపుదామని మొదలుపెట్టాను. బట్టలకి రెండు అరలు, అవి నిండితే కొత్త కుర్తా రావాలంటే పాతది పోవాలి. ఛార్జర్లు, వైర్లు, బ్యాటరీలకి ఒక్క స్టీలు డబ్బా. కాగితాలకి ఒక్క ఫైలు, అందులో అన్నిటికంటే పైన అద్దె అగ్రిమెంటు.

దీనికి లొంగనిది మా ఆయన అట్టపెట్టెలు. టీవీది, మిక్సీది, చివరికి ఇస్త్రీ పెట్టెది కూడా దాచారు, ఇల్లు మారేటప్పుడు పనికొస్తాయట. అన్నీ అటక మీదే. కన్నడంలో అటకని అట్ట అంటారు, మా ఇంట్లో అట్ట నిండా అట్టపెట్టెలే. వాటి మీద గొడవ పడటం మానేశాను, ఆ విషయాన్నీ అటకెక్కించేశాం.

ఇక అందం సంగతి. ఓనర్ ఆంటీ గోడకి మేకు కొట్టనివ్వరు. బతిమాలగా బతిమాలగా ఒక్క కర్టెన్ రాడ్‌కి ఒప్పుకున్నారు, దాన్ని కిటికీ మీద కాకుండా సీలింగ్‌కి దగ్గరగా పెట్టించాను. దానికి వేసింది మంగళగిరి చీర, నిజాం బోర్డరుది, నేను నాలుగుసార్లు కూడా కట్టలేదు. అయిదున్నర మీటర్ల చీర సగానికి కోస్తే ఒక్కో ముక్క తొమ్మిదడుగులు వస్తుంది, కింద మడత పోను నేల దాకా సరిగ్గా సరిపోయింది. చీర పొడుగునా బోర్డర్ ఉంటుంది కాబట్టి రెండు పక్కలా నిలువు గీతల్లా దిగి, గది ఎత్తు పెరిగినట్టు కనిపిస్తుంది. ఒక ముక్కకే పమిట వచ్చింది, రెండోదానికి లేదు. టైలర్ అది తీసేసి సమం చేస్తానన్నాడు, నేనే వద్దన్నా.

షోకేసు పెట్టలేదు, తుడిచే ఓపిక నాకు లేదు. టీవీ పక్కన రెండు కుంకుమ భరిణెలు మాత్రం ఉంటాయి, ఒకటి ఏటికొప్పాకది, ఇంకోటి మైసూరు రోడ్డులో చన్నపట్నలో కొన్నది. ఏది ఏదో ఎవరూ పోల్చలేరు. రెండు ఊళ్ళవాళ్ళూ లక్కబొమ్మలు చేసేది ఒకే జాతి చెట్టు కర్రతో, మనం అంకుడు కర్ర అంటాం, వీళ్ళు ఆలె మర అంటారు.

హాల్లో అందరి కళ్ళూ పడేది మాత్రం తలుపు పక్కనున్న జాడీ మీద. అమ్మ నిరుడు ఆవకాయ పట్టుకొచ్చిన అయిదు కిలోల జాడీ, పైన గోధుమరంగు, కింద తెలుపు. ఖాళీ అయ్యాక అందులో గొడుగులు పెట్టాను. ఎన్నిసార్లు కడిగినా గొడుగు తెరిస్తే కాస్త వెల్లుల్లి వాసన వస్తుంది, ఆఫీసులో ఒకమ్మాయి అడిగేసింది కూడా.

మొన్న అమ్మ ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో గుంటూరు నుంచి దిగింది, ఈసారి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాల్లో తెచ్చింది. వచ్చీ రాగానే జాడీ చూసి, "ఇందులో గొడుగులేంటే, దరిద్రం!" అని అవన్నీ నేలమీద పారేసి, జాడీ తోమి, ఎండబెట్టి, ఆవకాయ నింపి, వాసెన కట్టేసింది. ప్రస్తుతానికి గొడుగులు బాత్రూం తలుపుకి వేలాడుతున్నాయి.