సోమశిల బస్సులో పెరిగిన చేప

సోమశిల డ్యాం చూద్దామని పోయా. 78 టీఎంసీల డ్యాం, కొండల మధ్య పెన్నా, బానే ఉంది, ఆ ఫొటోలు అందరూ పెట్టేవే కాబట్టి నేను పెట్టట్లేదు. ఎండ మాత్రం మాడ్చేసింది, కూల్ డ్రింక్ మీద ఎమ్మార్పీకి పైన ఐదు రూపాయలు తీసుకున్నాడు, అదేందయ్యా అంటే కూలింగ్ చార్జీ అంట. నేను చెప్పాలనుకున్నది తిరుగు బస్సు సంగతి.

బస్సుకి టైముందని నీళ్ల వైపు దిగితే ఒక పెద్దాయన గాలం వేసుకుని కూర్చోనున్నాడు, అప్పుడే ఒక బొచ్చె చేప పడింది. పెద్ద తల, వెండి పొలుసులు, ఇంకా నోరు తెరుస్తా మూస్తా ఉంది. నా లీటరు వాటర్ బాటిల్ పక్కనే గట్టు మీద పడేశాడు కాబట్టి కొలత నాకు బాగా గుర్తు, బాటిల్ కన్నా ఓ నాలుగు వేళ్లు పొడుగు. కేజీ తూగితే గొప్ప. దాన్ని యూరియా గోతంలో వేసుకుని నాతో పాటే బస్సెక్కి నా ముందు సీట్లో కూర్చున్నాడు.

అనంతసాగరం దాటేసరికి పక్కాయనకి చెప్తున్నాడు, మూరెడు బొచ్చె అని. సర్లే, చేతి కొలత అటూ ఇటూ అవుద్ది అనుకున్నా. ఆత్మకూరు వచ్చేలోపు మూరన్నర అయింది, చేతులు రెండూ చాపి మరీ చూపిస్తున్నాడు, పైగా మూడు కేజీలంట. నాకు చిరాకేసింది అబద్ధానికి కాదు, లెక్కకి. చేప పొడుగు రెండింతలైతే బరువు ఇంచుమించు ఎనిమిదింతలవుద్ది కదా, ఆ చేతుల మధ్య పట్టే బొచ్చె ఏడెనిమిది కేజీలైనా ఉండాలి. మాది భీమవరం వైపు, మా దగ్గర చెరువు పట్టారంటే చేప కాటా ఎక్కాల్సిందే, ఐసులో పెట్టి లారీలో కలకత్తా పోవాల్సిందే, ఇలా నోటితో పెంచే వీలే లేదు.

ఆత్మకూరు స్టాండులో కండక్టర్ టికెట్లు కొడతా వచ్చి, సీటు కింద తడి చూసి, "గోతంలో ఏంది పెద్దాయనా, లగేజి కొట్టాలా?" అన్నాడు.

"అబ్బే, చిన్న పిల్ల సార్, కూరకి. అరకేజీ కూడా ఉండదు."

బస్సంతా ఒకటే నవ్వు. వెనక నుంచి ఎవరో, "ఇంకో రెండు నెల్లు వదిలుంటే డ్యాం నీళ్లతో పాటే కండలేరు మీదగా మద్రాసు పొయ్యేది కదన్నా" అన్నారు. పెద్దాయన ఏమాత్రం తగ్గలా, కండక్టర్ అటు తిరగ్గానే చేప మళ్లీ మూరన్నరకొచ్చింది.

సంగం దగ్గర అసలు కథ మొదలైంది, తప్పించుకుపోయిన చేప. వాలుగంట, తన భుజం దాకా వస్తదంట, దారం తెంపుకుని పోయిందంట. చచ్చినోడి కళ్లు చారెడు అని ఊరికే అన్లేదు పెద్దోళ్లు. కానీ ఇక్కడే ఆయన తెలివి మెచ్చుకోవాలి, బొచ్చె అని చెప్పుంటే ఎవరో ఒకరు తగులుకునేవాళ్లు, వాలుగ నిజంగానే మీటరు దాటి పెరుగుద్ది, పళ్లు కూడా పదునే, దారం తెంపిందంటే కాదనలేం. నా పక్కన కాలేజీ కుర్రాడు చెవిలో ఇయర్‌ఫోన్ తీసేసి మరీ విన్నాడు.

బుచ్చిరెడ్డిపాలెంలో పెద్దాయన గోతం భుజానేసుకుని దిగిపోయాడు, ఆ మూతి ఒక్కసారి కూడా విప్పలేదు. ముంబై రోడ్డు మీద బస్సు కాస్త స్పీడందుకోగానే కుర్రాడు ఫోన్ తీశాడు.

"ఒరే, ఇప్పుడే మా బస్సులో ఒకాయన ఐదు కేజీల వాలుగ తీసకపొయ్యాడ్రా. నేను చూశా."