ఆ కథలో నువ్వు లేవు కదమ్మా

కిందటి ఆదివారం భోజనానికొచ్చిన స్నేహితురాలు పప్పు వడ్డించుకుంటూ ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళబ్బాయికి పద్నాలుగేళ్ళు. మిగతాది ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను గొంతు సవరించుకున్నాను. ఈ ఏడాదిలో ఈ ప్రసంగం నాలుగోసారి. "మావాణ్ణి చూడు" అని ఎత్తుకుని, గుంటూరు రోడ్డు మీద రెసిడెన్షియల్ స్కూలు, తెల్లారకముందే గ్రౌండు, రాగిజావ, ఇప్పుడు ఇక్కడి హైస్కూల్లో ట్రాక్ టీము అనేదాకా వచ్చాను. మావాడు పెరుగు కోసం ఫ్రిజ్ తీశాడు. తలుపు మూయకుండానే, "ఆ కథలో నువ్వు లేవు కదమ్మా" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు తేలికయ్యేది. కోపానికి నా దగ్గర జవాబులు బోలెడు.

అసలు హాస్టలంటేనే నాకు పడదు. ఇంటర్ రెండేళ్ళూ బెజవాడ పక్కనే ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో మగ్గాను. మా ఇల్లు సింగ్‌నగర్. బస్సెక్కితే ముప్పావుగంట, అయినా నెలకోసారే పంపేవాళ్ళు. నా పిల్లల్ని చచ్చినా హాస్టల్లో వెయ్యనని అప్పుడే దుర్గమ్మకి మొక్కుకున్నాను. మొక్కు తప్పినందుకు ఏం చెల్లించాలో ఇంకా ఎవర్నీ అడగలేదు.

2023లో ఇక్కడి స్కూలు బాత్‌రూములో వేప్, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్టు, దొరికిందని వాణ్ణి మూడు రోజులు సస్పెండ్ చేశారు. "నాది కాదమ్మా, పక్కవాడిది" అన్నాడు. పిల్లలందరూ అనే మాటే కదా అని నేను చెవినపెట్టలేదు. అప్పటికే క్లాసులు ఎగ్గొట్టడం, అర్ధరాత్రి దాకా గదిలో తలుపేసుకోవడం అన్నీ అయ్యాయి. ఆ రాత్రి గోడని గుద్దాడు. ఇక్కడి గోడలు అట్టముక్కలేగా, చెయ్యి మణికట్టు దాకా దిగింది. ఫోన్లో విని మా అమ్మ, "మా గోడని గుద్దమను చూద్దాం" అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ నవ్వులోనే వాణ్ణి రెండేళ్ళు అక్కడి హాస్టల్లో వెయ్యడం తేలిపోయింది. మా ఆయన వద్దన్నాడు, నాతో రెండు వారాలు మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం నలుగుర్లో "మేం పంపించాం" అంటాడు.

వాడికి మాత్రం వేసవి సెలవులకి అమ్మమ్మ దగ్గరికి వెళ్తున్నామనే చెప్పాను. నిజం చెప్పింది స్కూలు గేటు ముందు, కారు డిక్కీ తీశాక. ఈ ముక్క నా ప్రసంగంలో ఉండదు.

ఫోను ఆదివారం సాయంత్రం నాలుగింటికి, పదిహేను నిమిషాలు. నాకది పొద్దున్న ఆరున్నర. మొదటి నెలలంతా "ఊ", "లేదు", "తిన్నాను" తప్ప మాటల్లేవు. బెల్లుకి లేవనందుకు గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టించారని ఒకసారి చెప్పాడు. ఇక్కడి స్కూల్లో ఆ పని చేసుంటే ప్రిన్సిపల్‌కి ఈమెయిల్ కొట్టి, జవాబొచ్చేదాకా నిద్రపోయేదాన్ని కాదు. అక్కడ కాబట్టి, "ఇంకో రెండు పెంచాల్సింది" అన్నాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. పది అయ్యాక కూడా వాడు ఆగకుండా పరిగెత్తాడనీ, పీఈటీ సార్ వాచీ చూసుకున్నాడనీ తర్వాత తెలిసింది. నేను చెప్పే కథలో అక్కడ సారు మట్టిలో మాణిక్యాన్ని గుర్తుపడతాడు. వాణ్ణడిగితే చెప్పేది వేరు: "పరిగెత్తేటప్పుడు ఎవరూ నన్ను అమెరికా అని పిలవరమ్మా. అందుకే."

అక్టోబరులో ఒక ఆదివారం మాత్రం వాడే గడగడా మాట్లాడాడు. హాంగ్‌జౌ ఆసియా క్రీడలు. మన బెజవాడ జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు బంగారు పతకాలు కొట్టిన వారం అది. ఆవిడ గురించేనేమో అనుకున్నా. కాదు, విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి గురించి. 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో పక్క లేనులో చైనా అమ్మాయి తుపాకీ పేలకముందే కదిలిందట. జ్యోతిని కూడా బయటికి పొమ్మన్నారట. ఈ పిల్ల కదల్లేదు. నా తప్పు లేదని వాదించి, పట్టుబట్టి పరిగెత్తి, మూడో స్థానంలో వచ్చింది. తర్వాత చైనా అమ్మాయిని తప్పించి జ్యోతికి వెండి ఇచ్చారు. అంతా చెప్పి, "నువ్వయితే జ్యోతిని పొమ్మనేదానివి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు పదిహేను నిమిషాలు అయిపోయాయి.

ఆ వేప్ ఎవరిదో ఇప్పటికీ నేను అడగలేదు.

మరుసటేడు ఒకసారి "ఫోర్ థర్టీ ఎయిట్ అమ్మా!" అని అరిచాడు. నాలుగున్నరకే లేస్తున్నావా నాన్నా అని మురిసిపోయాను. 1500 మీటర్లకి 4 నిమిషాల 38 సెకన్లని అర్థమట. అక్కడ 1500 అంటే మూడు రౌండ్ల ముప్పావు. ఇక్కడి హైస్కూళ్ళలో 1600, సరిగ్గా నాలుగు రౌండ్లు. వాడి టైము ఇక్కడి పిల్లల టైముతో నేరుగా పోల్చడానికి లేదు. అది తెలిసినా నేను కాలిక్యులేటర్ పట్టుకు కూర్చున్నాను.

2024 సెప్టెంబరు 1. అదీ ఆదివారమే. బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. అటు కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద మర్నాటికి 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణ అంత నిండుగా ఉంటే బుడమేరు నీళ్ళు తీసుకోదు, వెనక్కి తంతుంది. ఆ రోజు ఫోన్లో వాడు ఎత్తగానే అన్నది, "అమ్మమ్మ ఫోన్ ఎత్తట్లేదు. నీకేమైనా తెలిసిందా?" వాళ్ళ స్కూలు వైపు భయం లేదు. నేను టికెట్లు చూశాను. ఆఫీసులో అది రిలీజ్ వారం. పేజీ మూసేశాను. మా అమ్మ మేడ మీద అద్దెకుండేవాళ్ళ దగ్గర క్షేమంగా ఉందని తెలియడానికి మూడు రోజులు పట్టింది.

నీళ్ళు తీశాక మా తమ్ముడు వాణ్ణి స్కూలు నుంచి తీసుకెళ్ళాడు. ముందు గదిలో బురద మరక వాడి ఛాతీ ఎత్తున ఉంది. మూడు రోజులు పారతో ఎత్తిపోశాడట. బీరువా కింది అరలో మా పెళ్ళి ఆల్బమ్ ఉబ్బిపోయి ఉంటే, ఒక్కో పేజీ విడదీసి, మధ్యన పేపర్లు పెట్టి, కరెంటొచ్చాక ఫ్యాను కింద ఆరబెట్టాడు. సగం ఫొటోల్లో నా మొహం చెరిగిపోయింది. పార పట్టుకున్న వాడి ఫొటో మాత్రం ఆఫీసులో అందరికీ చూపించాను. నేను వెళ్ళింది సంక్రాంతికి.

సరే, సలహా అడుగుతారు కదా. స్కూలు చూడ్డానికి వెళ్తే ముందు బాత్‌రూములు చూడండి. ప్రిన్సిపల్‌తో కన్నా పీఈటీ సార్‌తో ఎక్కువసేపు మాట్లాడండి. గేటు దాకా వచ్చాక నిజం చెప్పకండి. ఆ తర్వాత ఏం చెప్పాలో నాకూ తెలియట్లేదు. వాణ్ణి మార్చింది హాస్టలా, పరుగా, అమ్మమ్మా? లేకపోతే పదహారేళ్ళొస్తే ఎవరైనా కాస్త కుదురుకుంటారు కాబట్టా? ఇక్కడే ఉంచుంటే ఏమయ్యేదో చూపించడానికి నాకు ఇంకో కొడుకు లేడు.

ఇప్పుడు వాడు తిన్న పళ్ళెం కడిగి బోర్లిస్తాడు. మా గదిలోకి వచ్చే ముందు తలుపు కొడతాడు. ఫ్రిజ్‌లోంచి పెరుగు తీసుకునే ముందు "తీసుకోనా?" అంటాడు. ఎంత పద్ధతొచ్చిందో అని అందరితో అంటాను. చుట్టాలింటికొచ్చినవాడిలా ఉన్నాడని మా ఆయన ఒక రాత్రి మెల్లిగా అన్నాడు. నేను నిద్రపోయినట్టు నటించాను. గోడలో కన్నం అలాగే ఉంది. దాని మీద క్యాలెండరు వేలాడదీశాను.

నిన్న స్నేహితురాలు మెసేజ్ పెట్టింది: "ఆ స్కూలు నంబరు పంపవా, ప్లీజ్." రెండుసార్లు టైప్ చేసి చెరిపేశాను. మూడోసారి పంపేశాను. వెంటనే తీసేద్దామని చూస్తే నీలం టిక్కులు పడిపోయాయి.